వాటంతట అవే పేలే ఫిరంగులు

“ఆంటీ, మీది మాదన్నపేటనా?”

హెడ్‌ఫోన్‌లో ఆ మాట వినబడగానే కిటికీ వైపు తిరిగి చూశాను. ఆట అప్పటికే ముగిసింది. గెలిచింది మేమే. తెర మీద నా ఓడ అక్కడక్కడా కాలి, పొగ కక్కుతూ, ఇంకా నీళ్ళ మీదే ఉంది. నా ఒళ్ళో నాలుగేళ్ళ కొడుకు, కుర్చీ చెయ్యి మీద రెండో తరగతి చదివే కూతురు. అడిగినవాడు మా జట్టు కెప్టెన్. ఏడాదికి పైగా ప్రతి సాయంత్రం అతని గొంతు వింటున్నాను. అన్నాళ్ళూ అతనికి నేను ‘భాయ్’ని. మగవాణ్ణని నేనెప్పుడూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. నా మైకు పాడైందని మొదట్లో ఒకసారి టైపు చేసి ఊరుకున్నాను. మిగతాదంతా వాళ్ళే అనుకున్నారు.

నేను భయపడింది ఆంటీ అన్నందుకు కాదు. నాకింకా ముప్పై నిండలేదు, ఆ పిలుపు గుచ్చుకున్న మాట నిజమే, కానీ అది తర్వాతి సంగతి. నన్ను పట్టుకున్నది మాదన్నపేట అన్న పేరు. కింద గల్లీలో ఉల్లిగడ్డల ఆటో నిలబడి ఉంది. మాదన్నపేట మార్కెట్ నుంచి బయల్దేరి మా గల్లీలన్నీ తిరిగే ఆటో అది. దాని మీద కట్టిన మైకులో రికార్డు చేసిన గొంతు ఒక మాట తెలుగులో, ఒక మాట ఉర్దూలో ఆగకుండా అరుస్తూ ఉంటుంది. చుట్టుపక్కల పెరిగిన ఎవరైనా ఆ గొంతు గుర్తుపడతారు. అది నా చెవిలోకి కిటికీలోంచి వస్తోంది. అతని చెవిలోకి నా దగ్గర నుంచే వెళ్తోంది.

తెర మూలకు చూశాను. మైకు గుర్తు పచ్చగా వెలుగుతోంది.

ఆ సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకునేలోపు కంప్యూటర్ ఆగిపోయి మళ్ళీ లేచింది. మా జట్టు మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్ కూడా కొత్తగా తెరుచుకుంది, మైకుతో సహా. మ్యాచ్ మొదలైపోతోందన్న తొందరలో నేను చూసుకోలేదు. పక్కన సందేశాలు వచ్చే చోట, దబీర్‌పురాలో ఉండే మా జట్టు పెద్దాయన రెండుసార్లు రాశాడు: ‘భాయ్, మైక్ ఖులా హై.’ ఆట నడుస్తున్నప్పుడు నేను అటు చూడను. చూసేంత తీరిక ఉండదు.

కంప్యూటర్ ప్లగ్ పీకేశాను.

“గెలిచినం కదమ్మా, ఎందుకు బంద్ చేసినవ్?” అంది కూతురు.

ఆ ఆట ఏమిటో, అందులో నా ఓడ ఏమిటో చెప్పకపోతే ఆ రోజు నేను పోగొట్టుకున్నదేమిటో ఎవరికీ అర్థం కాదు. నేను కంప్యూటర్స్‌తో బీకాం చదివాను. పెళ్ళయ్యాక ఇంట్లోంచే ఒక కంపెనీకి ఆసుపత్రి బిల్లుల వివరాలు ఎక్కించే పని చేశాను. రెండో కాన్పుతో ఆ పని పోయింది, కంప్యూటర్ మిగిలింది. కొడుకు నిద్రపోయే మధ్యాహ్నాల్లో ఏమీ తోచక ఈ ఆట ఎక్కించుకున్నాను. ఒక సముద్రం, కొన్ని దీవులు, రెండు జట్లు. ప్రతి ఒక్కరికీ ఒక ఓడ. చిన్నవి, వేగంగా పోయేవి కొన్ని. కొండల్లాంటి యుద్ధనౌకలు కొన్ని. శత్రువు కంటబడితేనే కొట్టగలం. మనం కంటబడితేనే వాడు కొట్టగలడు. పెద్ద ఓడలు చాలా దూరం నుంచే కనబడిపోతాయి. కానీ వాటిలో ఒకటి ఉంది. ఆకారం మిగతా వాటంతే, అయినా బాగా దగ్గరికొచ్చేదాకా కనబడదు. దానికి బదులుగా దాని ఉక్కు పలచన, పెద్ద ఫిరంగులు తక్కువ. జట్టులో ఎవరూ దాన్ని ఒప్పుకోలేదు. నేను తీసుకున్నాను.

కొత్తగా ఆ ఓడ ఎక్కినవాళ్ళు మామూలుగా ఏం చేస్తారంటే, శత్రువు కనబడగానే కొట్టేస్తారు. ఫిరంగి పేలిన మెరుపుతో దాపరికం అంతా పోతుంది, ఆ చుట్టుపట్ల ఉన్న వాళ్ళందరికీ ఒకేసారి కనబడతారు. లేదా, ఎలాగూ కనబడం కదా అని ఎక్కడో అంచున కూర్చుండిపోతారు, ముందున్న తమ వాళ్ళు ఒక్కొక్కరే మునిగిపోతుంటే. ఆ ఓడ దాక్కోవడానికి కాదు. అంత పెద్ద ఓడ ఇంత దగ్గరికి రాలేదని అందరూ అనుకునే చోటికి వెళ్ళడానికి. వెళ్ళి, ఫిరంగులు నింపుకుని, పేల్చకుండా ఆగడానికి. ముక్కు మన వైపు పెట్టి వచ్చే ఓడను కొడితే గుండ్లు జారిపోతాయి. వాడు ఎప్పుడో ఒకప్పుడు పక్కకు తిరగక తప్పదు. తిరిగినప్పుడు వాడి ఇంజను గదీ, మందుగుండు గదీ నీటి గీత దగ్గర గోడలా పరుచుకుని ఉంటాయి. అప్పుడు ఉన్న ఫిరంగులన్నీ ఒక్కసారే. వెంటనే మన పక్క ఎవరికీ చూపించకుండా, ముక్కు వాళ్ళ వైపే ఉంచి దీవి చాటుకు వెనక్కి జారాలి. పేల్చడం ఆపేస్తే కాసేపటికి మళ్ళీ మాయమవుతాం. ఎక్కువమంది ఆగలేనిది ఇక్కడే. ఒక దెబ్బ తగిలిందంటే రెండోది కొట్టాలని చెయ్యి లాగుతుంది.

వీటన్నిటికన్నా ముందు చేసుకోవాల్సిన పని ఇంకొకటి ఉంది. ఆ ఓడకు రెండు పక్కలా చిన్న ఫిరంగులు ఉంటాయి. ఎవరైనా దగ్గరికి వస్తే మనల్ని అడగకుండానే వాటంతట అవే పేలతాయి. ఎంత ఓపికగా దాగినా ఆ చిటపటలతో దొరికిపోతాం. అందుకే మ్యాచ్ మొదలవగానే నేను మొదట వాటిని బంద్ చేస్తాను. పడుకునే ముందు గ్యాస్ చూసుకున్నట్టు. ఏ రోజూ మరిచిపోలేదు. ఆ కరెంటు పోయిన సాయంత్రం కూడా మరిచిపోలేదు.

నాకు భయం ఎక్కువ. ఎప్పటినుంచో కాదు, కూతురు పుట్టినప్పటి నుంచి. వంటింట్లో ఉన్నా ఏ పిల్ల ఏ గదిలో ఉందో చప్పుళ్ళను బట్టి చెప్పగలను. చప్పుడు ఆగితే ఇంకా ఎక్కువ వింటాను. స్కూల్ వ్యాన్ రావడం కొంచెం ఆలస్యమైతే మనసులో మలక్‌పేట దాకా రోడ్డంతా వెతికి వస్తాను. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే మా ఆయన నన్ను ఫికర్ మిషన్ అంటాడు. అత్తగారి తరఫు వాళ్ళ ముందు కూడా అంటాడు, అందరూ నవ్వుతారు. ఈ ఆటలో తెర మూలన ఒక చిన్న పటం ఉంటుంది. అందరూ దానిలో కనబడుతున్న ఓడల్ని చూస్తారు. నేను కనబడకుండా పోయిన వాటిని లెక్కపెట్టుకుంటాను. ఆ చిన్న ఓడ చాలాసేపటి నుంచి ఎవరి కంటా పడలేదు, అంటే ఈ దీవి వెనకే ఉండాలి, అంటే కాసేపట్లో ఇటు తేలాలి. ఇంట్లో జబ్బు అనిపించుకున్నది అక్కడ పనితనం అయింది.

“భాయ్ ఉన్నడంటే ఆ దిక్కు ఫికర్ లేదు,” అనేవాడు కెప్టెన్, మిగతా వాళ్ళను ఎటెటు పంపాలో చెబుతూ. గిన్నెలు తోముతున్నప్పుడు ఆ మాట మళ్ళీ మళ్ళీ వినుకునేదాన్ని. నన్ను చూసి ఎవరైనా ఫికర్ లేదనుకోవడం నా జీవితంలో అదొక్క చోటే.

ఆ సాయంత్రం వాళ్ళు విన్నది నా పేట ఒక్కటే కాదు. ఆట మొత్తం విన్నారు. నాకొక అలవాటు ఉంది. ఆడుతున్నంత సేపూ కూతురికి చెబుతూ ఉంటాను. చెబుతుంటేనే నా ఆలోచన సరిగ్గా నడుస్తుంది.

“ఇప్పుడు కొట్టవా అమ్మా?”

“వద్దు. వాడు ముక్కు మన దిక్కే పెట్టిండు. తిరగనీ.”

“మనల్ని చూస్తడేమో.”

“ఎట్ల చూస్తడు? మనం చప్పుడు చేస్తలేం కదా.”

ఆ మాట మా జట్టు మొత్తం వింటుండగా అన్నాను. మధ్యలో కొడుకు నీళ్ళ గ్లాసు పడేస్తే కూతుర్ని ఇంటిపేరుతో సహా పిలిచి గుడ్డ తెమ్మని కసిరాను. రేపటి నుంచి వ్యాన్ మా ఇంటి ముందుకు రాదట, డ్రైనేజీ తవ్వుతున్నారు, గల్లీ మూలన పిండి పట్టే గిర్నీ దగ్గర నిలబడాలి, తమ్ముడి చెయ్యి వదలొద్దు అని కూడా చెప్పాను. ఓడ పక్కల ఫిరంగుల్ని బంద్ చేసుకుని, నోరు తెరుచుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత రెండు రోజులు నేను ఆట తెరవలేదు. మూడో రోజు సాయంత్రం కూతురు బ్యాగు కూడా దించకుండా పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, నువ్వు ఫోన్ల వస్తున్నవ్. వ్యాన్ల టెన్త్ చదివే పెద్దక్క చూపించింది. నేను చెప్పిన, గామె మా అమ్మనే అని.” దాని ముఖం వెలిగిపోతోంది.

కెప్టెన్ మా ప్రతి మ్యాచ్‌నూ రికార్డు చేసి తన ఛానల్‌లో పెడతాడని నాకు తెలుసు. వాటిని ఎవరూ చూడరని కూడా తెలుసు. దీన్ని చూస్తున్నారు. ‘ఓడ ఆంటీ’ అని పేరు పెట్టాడు. నా మాటల్ని ముక్కలుగా కోసి, మధ్య మధ్య నవ్వుల చప్పుడు కలిపాడు. నేను ఆగు అన్నప్పుడల్లా తెర ఆగిపోతుంది, కొట్టు అన్నప్పుడు మెరుపు. ఒక్క నిమిషం నాకు బాగానే అనిపించింది. నా గొంతు అంత నిదానంగా, అంత నమ్మకంగా ఉంటుందని నాకు తెలియదు. అంతలో గ్లాసు పడింది. నా కూతురి పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత పిండి గిర్నీ, వ్యాన్. ఆ మాటలు కూడా కోసి పెట్టాడు, నవ్వుల చప్పుడుతో. తల్లి మాటలు కదా, నవ్వొస్తాయి.

కింద జనం రాసినవి చదివాను. చాలామంది మెచ్చుకున్నారు. కొందరు గొంతు బాగుందన్నారు, ఏ రకంగా బాగుందో కూడా రాశారు. ఒకరు ఆ గిర్నీ ఏ గల్లీలో ఉందో రాశారు. ఇంకొకరు రేపు పొద్దున పోయి చూసొస్తానని రాసి, నవ్వే బొమ్మ పెట్టారు.

ఆ బొమ్మను చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. తమాషాకే రాసి ఉంటాడు. తమాషాకే అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నా, పిండి గిర్నీ ముందు నా పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని నిలబడి ఉండటమే కనబడింది. ఇక నాకు కావాల్సింది ఒక్కటే. ఆ వీడియో పోవాలి.

కెప్టెన్‌కు రాశాను. పిల్ల పేరు ఉంది, తీసెయ్యమని. ‘ఆంటీ మీరు స్టార్ అయిపోయిండ్రు’ అని జవాబు. మళ్ళీ రాశాను. అందరూ పొగుడుతున్నారు కదా, ఇంకొకటి చేద్దాం, ఈసారి కెమెరా పెట్టుకుని ఆడండి అన్నాడు. మూడోసారి కొంచెం గట్టిగా రాశాను. చదివినట్టు టిక్కు పడింది, జవాబు రాలేదు. దబీర్‌పురా పెద్దాయన మాత్రం విడిగా ఒక సందేశం పెట్టాడు. బాజీ అంటూ అక్కను పిలిచినట్టు పిలిచి, నేను వాడికి చెప్పి చూశాను, వినడం లేదు, మాఫ్ చేయండి అని. అదే రోజు ఆయన జట్టులోంచి వెళ్ళిపోయాడు. మర్యాద ఉన్నవాళ్ళు వెళ్ళిపోతారు. వీడియో ఉంటుంది.

మా ఆయనకు చూపించాను. మొదట పగలబడి నవ్వాడు. డిపోలో వాళ్ళకు పంపిస్తానన్నాడు, పంపించాడు కూడా. కింద జనం రాసినవి నేను చదివించాక నవ్వు ఆగిపోయింది. కోపం వస్తుందని ఎదురుచూశాను. వచ్చింది, నా మీదికి.

“నిన్నెవరు మాట్లాడమన్నరు?”

“నేను పిల్లతోని మాట్లాడిన.”

“గదే. ఎందుకు మాట్లాడినవ్? లొల్లి చెయ్యకు ఇగ. నాలుగు రోజులైతే ఎవ్వరికీ యాదికుండదు.”

నాలుగు రోజులు. వ్యాన్ మరునాడు పొద్దున్నే వస్తుంది.

మరునాడు పిల్లల్ని గిర్నీ దాకా నేనే తీసుకెళ్ళాను, వ్యాన్ ఎక్కించాను. రోడ్డు మీద నిలబడ్డ ప్రతి మగవాణ్ణీ చూశాను. పాల ప్యాకెట్లు పట్టుకున్నవాణ్ణి, బండి తుడుచుకుంటున్నవాణ్ణి. ఎవరూ ఏమీ చేయలేదు. అక్కడినుంచి ఇంటికి వెళ్ళకుండా మలక్‌పేట ఆటో ఎక్కాను.

కెప్టెన్ ఎక్కడ ఉంటాడో నాకు ఎప్పుడో తెలుసు. అతను నా చప్పుడు ఒక్క సాయంత్రం విని నా పేట పట్టుకున్నాడు. నేను ఏడాది పాటు అతని చప్పుళ్ళు విన్నాను. అతని మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మగవాడి మైకు తెరిచి ఉంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. రేసుల రోజున అతని వెనక గుర్రాల పేర్లు చదివే మైకు వినబడేది. మామూలు రోజుల్లో కింద అద్దాల దుకాణం. కంటి నంబరు గురించి అడిగే గొంతులు, డబ్బాలు తెరిచి మూసే చప్పుడు, అతని తల్లి. ఆమె రోజుకు పదిసార్లు ఒకే మాట అనేది. ఆ మాట నాకు కంఠతా వచ్చు.

రేసుకోర్సు దగ్గర రోడ్డుకు ఆ వైపు ఒకటి, ఈ వైపు ఒకటి కళ్ళద్దాల దుకాణాలు కనబడ్డాయి. మొదటి దాంట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు. రెండో దాంట్లోకి వెళ్ళి కూర్చున్నాను. గల్లా దగ్గర యాభై ఏళ్ళ ఆమె, మెడలో గొలుసుకు వేలాడే అద్దాలు. చదువుకోవడానికి ఫ్రేమ్ చూపించమన్నాను. ఒకటి తీసి నా చెవుల మీద పెట్టి సర్దుతూ, “మస్తు హల్కగ ఉంటదమ్మా, మొహం మీద ఉన్నట్టే తెల్వది,” అంది.

అదే మాట. అదే గొంతు.

ఇంకొకటి చూపించమన్నాను. ఇంకొకటి. అద్దంలో నా వెనక మెట్లు కనబడుతున్నాయి. పక్కన భార్యాభర్తలిద్దరు తమ పిల్లాడికి అద్దాలు చేయిస్తున్నారు. ఈ ఆగడం నాకు తెలుసు. ఆమెతో ఒంటరిగా చెబితే మా వాడు అలాంటివాడు కాదంటుంది, వాడు పై నుంచే జారుకుంటాడు. వాడు కిందికి రావాలి, ఆమె పక్కన నిలబడాలి.

కాసేపటికి ఆమె పైకి కేకేసి లెన్సుల డబ్బా తెమ్మంది. దిగి వచ్చాడు. గొంతు కన్నా చాలా సన్నగా ఉన్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఇంకా సరిగ్గా రాని మీసం. డబ్బా తల్లి ముందు పెట్టి, నా వైపు పక్కకు తిరిగి, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

ఫ్రేమ్ తీసి గల్లా మీద పెట్టాను.

“అమ్మా, మీ కొడుకు నా బిడ్డ పేరు, మా గల్లీ, స్కూల్ వ్యాన్ ఎక్కడ ఆగుతదో అన్నీ వీడియోల పెట్టిండు. ఎవడో చూడనీకి వస్త అని రాసిండు కింద. మూడు సార్లు చెప్పిన, తీస్తలేడు. నేను ఈడ కూసున్నప్పుడే తీసెయ్యమని చెప్పుండ్రి.”

అతను నా గొంతు గుర్తుపట్టాడు. ఇయర్‌ఫోన్లు తీసేశాడు. పిల్లాడికి అద్దాలు చేయిస్తున్న భార్యాభర్తలు ఇటు తిరిగారు. తల్లి ఫోన్ కోసం చెయ్యి చాచింది. అతను ఫోన్ ఇవ్వకుండా తానే నొక్కడం మొదలుపెట్టాడు, నొక్కుతూ గొణిగాడు: “చెప్తే తీసేటోన్ని కదా ఆంటీ. గింత దానికి దుకాన్ల దాక రావాల్నా?”

మూడుసార్లు చెప్పిన సంగతి అక్కడ ఎవరికీ వినబడలేదు. వీడియో పోయింది. నా ఫోన్‌లో తెరిచి చూసుకున్నాను. పోయింది.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. ఆటలో అయితే అప్పటికే దీవి చాటుకు వెళ్ళిపోయి ఉండేదాన్ని. దుకాణంలో దీవి లేదు. బ్యాగు భుజానికి వేసుకుంటుండగా ఆమె నన్ను కింది నుంచి మీదికి చూసింది.

“పిల్లలెంతమంది?”

“ఇద్దరు.”

“ఇద్దరు పిల్లల తల్లివి. మొగపోరగాళ్ళ నడుమ కూసొని ఆటలాడుడు ఏందమ్మా? మావోడిది తప్పే, కాదంటలేను. నీ గొంతు ఆడికెట్ల పోయింది?”

గట్టిగా కూడా అనలేదు. ఫ్రేములు ఒక్కొక్కటే డబ్బాలో పెడుతూ, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. అద్దాలు చేయించుకుంటున్న పిల్లాడి తల్లి నన్ను చూసి చూపు తిప్పుకుంది. ఆమెకు నా వయసే ఉంటుంది. దుకాణంలో ఉన్న వాళ్ళంతా నన్నే చూస్తున్నారు, వాణ్ణి కాదు. వాడు పక్కన నిలబడి ఉన్నాడు, ఎవరికీ కనబడకుండా. అంత పెద్ద దాపరికం ఏ ఓడకూ ఉండదు. దానికోసం వాడు ఏ ఫిరంగీ బంద్ చేసుకోనక్కర్లేదు.

బ్యాగు సర్దుకుని బయటికి వచ్చేశాను. చెప్పాల్సింది ఇప్పుడు తోస్తోంది. ఏడాది పాటు మీ దుకాణం నా చెవుల్లో ఉందమ్మా, అప్పుడు మీరెలా వచ్చారని నేనడగలేదు అని. బయట ఎండలో నిలబడ్డాక కూడా తోచలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచేసరికి జట్టులో నేను లేను. తీసేశారు. నా ఓడ మాత్రం రేవులో అలాగే ఉంది, మసి కడిగి, కొత్త రంగుతో. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళతో కలిసి ఆడుకోవచ్చు. ఒక మ్యాచ్‌లోకి వెళ్ళాను. చిన్న ఫిరంగులు బంద్ చేశాను. మైకు తీగ అసలు పెట్టనే లేదు. దీవి చాటుకు చేరి ఆగాను. శత్రువు ఒకడు పక్కకు తిరిగాడు, గోడలా. కొట్టలేకపోయాను. ఇప్పుడు కొట్టవా అమ్మా అని పక్కన ఎవరూ అడగలేదు. కూతురు స్కూల్లో ఉంది. వాడు తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వ్యాన్ దిగగానే కూతురు చెప్పింది, వీడియో ఇంకా ఉందట. పెద్దక్క తన ఫోన్‌లో దాచుకుందట, ఆమె దగ్గర నుంచి ఇంకొకరు తీసుకున్నారట. మళ్ళీ అందరూ చూశారట. ఈసారి నవ్వారట. కొట్టు, కొట్టు అని నా గొంతు పెట్టి వ్యాన్ అంతా అరిచారట. కానీ నా కూతురు తగ్గలేదు. “నేను మళ్ల చెప్పిన, మా అమ్మకు మస్తు ఆట వస్తదని. మా అమ్మ లేకుంటే గెలవకపోతుండె అని చెప్పిన,” అంది. మెప్పు కోసం నా వైపు చూసింది.

రాత్రి మా ఆయనకు దుకాణం సంగతి చెప్పాను. ఆయన అన్నం తినడం ఆపలేదు. కంప్యూటర్ అమ్మేద్దాం అనలేదు, ఆట మానేయమనీ అనలేదు, కోపం కూడా లేదు. “గా పోరికి గట్ల చెప్పుకుంట తిరగొద్దని చెప్పు. ఎవరన్న అడిగితే గా గొంతు మనది కాదంటే అయిపోతది,” అన్నాడు. నేను చెప్పనన్నాను. అబద్ధం చెప్పమని నేను నా పిల్లలకు చెప్పను, అందులో నా గురించి. అది నా గొంతు. అంత బాగా నేను ఇంకే పనీ చేయలేదు. ఇదంతా ఆయనతో అన్నానో, మనసులో అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు.

పిల్లలిద్దరూ ఇదే గదిలో నిద్రపోతున్నారు, నేనిది రాస్తుంటే. కూతురు నిద్రలో తమ్ముడి చొక్కా పట్టుకుని పడుకుంటుంది. చెయ్యి వదలొద్దని చెప్పాను కదా. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. అందుకే ఆ మరునాటి పొద్దున రాయడం కష్టంగా ఉంది.

ఆ పొద్దున గిర్నీ ఇంకా తెరవలేదు. షట్టర్ ముందు మెట్టు మీద ఎప్పుడూ చూడని ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు, చేతిలో ఫోన్. ఎవరి కోసం కూర్చున్నాడో. గిర్నీ తీస్తారని కూడా కావచ్చు, పక్కన గోధుమల సంచి లాంటిది ఉంది. నా పిల్లల్ని ఒకసారి చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు. మూల మీద వ్యాన్ హారన్ వినబడింది. నేను వంగి కొడుకు టై సర్దాను. కూతురు జడ రిబ్బను బిగించాను, అవసరం లేకపోయినా. ఇద్దరి ముఖాలూ నా ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, ఆ కుర్రాడికి వినబడకుండా, చిన్నగా చెప్పాను.

“ఎవరన్న అడిగితే, ఫోన్ల గొంతు మా అమ్మది కాదని చెప్పుండ్రి. మా అమ్మకు ఏ ఆట రాదని చెప్పుండ్రి.”